బందియాగరా కొండ అంచున డోగాన్ పల్లెలు

గురువారం, మొప్తి

పశ్చిమాఫ్రికాలో మాలీ దేశపు రేవు ఊరు మొప్తిలో గురువారం సంత. నైజర్ నదిలో బనీ నది కలిసేది ఇక్కడే, ఊరికి పడవలే ప్రాణం. రేవు పొడుగునా ఎండు చేపల బస్తాలు, కట్టెల మోపులు, మట్టి కుండలు, సహారా లోపల తవుదేని గనుల్లో కోసిన ఉప్పు పలకలు. ఒక్కో పలకను ఇద్దరేసి పట్టి దించుతున్నారు. అప్పట్లో నేను మాలీ రాజధాని బమాకోలో ఉద్యోగం చేసేవాణ్ణి. 2009 జనవరిలో సెలవు దొరకగానే, బందియాగరా కొండ వెంట బతికే డోగాన్ జనం ఊళ్ళు చూద్దామని ఇటు వచ్చాను.

నాకు దారి చూపించడానికి ఒప్పుకున్నాయన సంగా ఊరివాడు, యాభై దాటిన రైతు. వానాకాలం సజ్జ పండిస్తాడు, చలికాలం ఉల్లి వేస్తాడు, తీరిక దొరికితే నాలాంటి వాళ్ళను కొండల్లో తిప్పుతాడు. మా ఇద్దరికీ ఫ్రెంచే దారి. పలకరింపులు కాగానే, "ముందు కోలా కొందాం పదండి" అన్నాడు. కోలా గింజలు ఈ ఎండు నేలల్లో పండవు, దక్షిణాన ఐవరీ కోస్ట్ అడవుల నుంచి వస్తాయి. వగరు, చేదు. నములుతుంటే ఆకలి, నిద్ర దూరంగా ఉంటాయి. పల్లెలో పెద్దవాళ్ళకు కోలా ఇవ్వకుండా మాట మొదలుపెట్టకూడదు. అంగడామె తడి ఆకుల్లో పొట్లం కట్టి ఇస్తుంటే, ఆయన ఒక్కో గింజా నొక్కి చూసి, పుచ్చినవి పక్కన పెట్టించాడు.

తిరిగి వస్తుంటే, పడవలో వల బాగుచేసుకుంటున్న బోజో జాలరి ఒకడు ఈయన్ని చూసి గట్టిగా ఏదో అరిచాడు. ఈయన అంతకు రెట్టింపు గొంతుతో బదులిచ్చాడు. చేతులు కలుపుకుంటారో కలబడతారో అర్థం కాలేదు. చివరికి ఇద్దరూ పగలబడి నవ్వారు. "ఉల్లిపాయల కంపు కొడుతున్నావన్నాడు. నీ చేపల కంపు ముందు నాదెంత అన్నాను" అని చెప్పాడు. డోగాన్లకీ బోజోలకీ వేళాకోళం వరస. ఎంత మాటైనా అనుకోవచ్చు, కోపం మాత్రం తెచ్చుకోకూడదు. పిల్లనిచ్చి పుచ్చుకోకూడదు, ఒకరి నెత్తురు ఒకరు కళ్ళజూడకూడదు. భాష వేరు, బతుకుతెరువు వేరు, ఒకరిది నది, ఒకరిది కొండ. అయినా ఈ నవ్వుల ఒప్పందం తరాలుగా నిలబడింది.

శుక్రవారం, సొంగో మీదుగా సంగా

బందియాగరా చేరేసరికి ఎర్ర దుమ్ము కనురెప్పల దాకా పట్టేసింది. ఇది హర్మతాన్ గాలి కాలం, సహారా దుమ్ము పొద్దున్నే సూర్యుణ్ణి కూడా తెల్లబరుస్తుంది. ఈ పట్టణం 19వ శతాబ్దంలో తుకులోర్ రాజ్యానికి రాజధాని. జిహాద్ నడిపిన ఎల్ హాజ్ ఉమర్ తాల్ 1864లో ఈ దగ్గరి కొండ గుహల్లోనే చనిపోయాడు. ఆ తర్వాత అతని అన్నకొడుకు తిజానీ తాల్ ఇక్కణ్ణుంచి ఏలాడు. ఆఫ్రికా మౌఖిక సాహిత్యాన్ని జీవితమంతా పోగుచేసిన రచయిత అమదూ హంపాతే బా పుట్టింది కూడా ఈ ఊళ్ళోనే. మేం పెట్రోలు పోయించుకుని సాగిపోయాం.

సొంగోలో ఆగాం. ఊరంతా ముస్లింలే. కానీ ఊరి వెనక కొండకు వెళితే, చూరులా ముందుకు వంగిన రాతి కింద గోడ నిండా బొమ్మలు: పాములు, మొసళ్ళు, మాస్కులు, మనుషులు. ఎరుపు, నలుపు, తెలుపు. మూడేళ్ళకోసారి ఊళ్ళో ఈడొచ్చిన మగపిల్లలకు ఇక్కడే సున్తీ చేస్తారు, అప్పుడు ఈ బొమ్మలకు మళ్ళీ రంగులు వేస్తారు. గాయం మానేదాకా పిల్లలు ఇక్కడే ఉండి, కర్రకు గుచ్చిన సొరబుర్ర బిళ్ళలను గలగలలాడిస్తూ పాటలు నేర్చుకుంటారు. ఆ వాయిద్యాలు పక్క గుహలో దాచి ఉన్నాయి. మసీదూ ఈ గోడా రెండూ ఒకే ఊరివి. ఇక్కడ ఎవరికీ అదేమీ వింతగా లేదు.

డోగాన్ పల్లెల్లో ఆడపిల్లలకు కూడా కోత పెడతారు. ఆ ఆచారం గురించి చెప్పడానికి నా దగ్గర ఒక్క మంచి మాట కూడా లేదు. ఈ ఊళ్ళను ఎంత ప్రేమించినా అది మాత్రం పోవాల్సిందే.

బందియాగరా నుంచి సంగాకి దాదాపు 45 కిలోమీటర్లు, అంతా రాతి దారి. దిగగానే మేం బస చేసిన ఇంటామె చల్లటి ఎర్రటి పానకం ఇచ్చింది. బిస్సాప్ అంటారు. మన గోంగూర జాతి మొక్కే. ఆకు కాకుండా, పువ్వు రాలాక మిగిలే ఎర్రటి తొడుగులను ఎండబెట్టి, నానబెట్టి, చక్కెర కలుపుతారు. ఒక్క గుక్క తాగగానే ఆ పులుపు ఎక్కడిదో నాలుక పట్టేసింది.

శనివారం, సంగా

సంగా అంటే ఒక్క ఊరు కాదు, రాతి పీఠభూమి మీద దగ్గర దగ్గరగా ఉన్న ఊళ్ళ గుంపు. పొద్దున్నే ఉల్లి మడులకు తీసుకెళ్ళాడు. వాటిని చూశాక ఈ జనం మీద నాకు కలిగిన గౌరవం ఇప్పటికీ తగ్గలేదు.

అక్కడ నేల లేదు. చదునైన బండ ఉంది, అంతే. ఆ బండ మీద రాళ్ళతో గట్లు పేర్చి, ఎక్కడెక్కడి నుంచో బుట్టలతో మట్టి మోసుకొచ్చి పోసి, జానెడు మందాన మడులు కట్టారు. నీటి గుంట దగ్గర మొదలై ఆ పచ్చటి గళ్ళు కనుచూపు మేర సాగాయి. మగవాళ్ళూ ఆడవాళ్ళూ సొరబుర్రలతో నీళ్ళు ముంచుకొచ్చి, పరుగులాంటి నడకతో మడి మీద చేయి తిప్పి చల్లుతున్నారు. నీరు ఒకే చోట పడితే మట్టి కొట్టుకుపోతుంది, అందుకే ఆ మణికట్టు తిప్పడం. చిన్నపిల్లలకు కూడా ఆ తిప్పుడు వచ్చేసింది. ఒక బుర్ర నీళ్ళు పోయగానే మళ్ళీ గుంటకు, మళ్ళీ మడికి, పొద్దున్నా సాయంత్రమూ.

ఉల్లి సాగు ఇక్కడ 1930లలో ఫ్రెంచి వలస పాలన కాలంలో మొదలైంది. ఆ తర్వాత కట్టిన చిన్న చిన్న ఆనకట్టలతో పెరిగింది. ఇప్పుడు బమాకో దాకా, సరిహద్దులు దాటి కూడా పోతుంది. పండిన ఉల్లి అంతా నిలవ ఉండదు కాబట్టి ఆడవాళ్ళు కాడలతో సహా బండ మీద వేసి రాయితో దంచుతారు, ఆ ముద్దను ఉండలు చేసి ఎండబెడతారు. మా దారి పక్కనే ఒకామె అదే పని మీద ఉంది. రాయి పడ్డప్పుడల్లా రసం చింది ఆమె మోచేతుల దాకా తడిసిపోయింది. కళ్ళు మాత్రం చెమర్చడం లేదు. నావేమో ఆగకుండా కారుతున్నాయి. చూసి నవ్వి, ఒక ఉండ చేతిలో పెట్టింది. ఎండిన ఉండ నల్లగా, గట్టిగా ఉంటుంది, పులుసులో చిన్న ముక్క వేస్తే చాలు. కొండ కింది ఊళ్ళలో తిన్న ప్రతి కూరలోనూ ఆ వాసన ఉంది.

సంగాలో పెద్ద ఆనకట్టను మార్సెల్ గ్రియోల్ పేరుతో చెప్పుకుంటారు. 1931లో డకార్ నుంచి జిబూతీకి వెళుతున్న ఫ్రెంచి పరిశోధక బృందంతో వచ్చిన ఈ మానవశాస్త్రవేత్త తర్వాత పదే పదే సంగాకే తిరిగి వచ్చాడు. 1946లో ఒగోతెమ్మెలి అనే అంధుడైన వృద్ధ వేటగాడు అతన్ని కూర్చోబెట్టుకుని 33 రోజుల పాటు సృష్టి కథ చెప్పాడు. గ్రియోల్ 1956లో పారిస్‌లో చనిపోతే సంగా వాళ్ళు బొమ్మ చేసి, తమవాడికి చేసినట్టే కర్మలు జరిపారు. రైతు పోతే అతని పార విరగ్గొడతారు. గ్రియోల్ విషయంలో, ఎప్పుడూ అతని చేతిలో కనిపించిన పెన్సిల్‌ని విరిచారని మా మార్గదర్శి చెప్పాడు.

తెలుగులో డోగాన్ల పేరు విన్నవాళ్ళలో చాలామంది విన్నది సిరియస్ కథే. సిరియస్ నక్షత్రానికి కంటికి కనపడని జంట ఉందని వీళ్ళకు ముందే తెలుసని, గ్రహాంతరవాసులు వచ్చి చెప్పారని. ఆ కథకు మూలం 1950లో గ్రియోల్, జెర్మేన్ దితెర్లెన్ రాసిన వ్యాసం. గ్రహాంతరవాసుల్ని తగిలించింది 1970లలో వచ్చిన వేరే పుస్తకం. ఆ జంట నక్షత్రాన్ని ఖగోళవేత్తలు దూరదర్శినిలో చూసింది 1862లో, అంటే ఆ మాట బయటి నుంచి కూడా ఇక్కడికి చేరి ఉండొచ్చు. డోగాన్ల మధ్య ఏళ్ళ తరబడి పనిచేసిన డచ్చి మానవశాస్త్రవేత్త వాల్టర్ వాన్ బేక్ 1991లో రాసిందేమిటంటే, ఊళ్ళలో అడిగితే మామూలు జనానికి ఆ జంట నక్షత్రం సంగతే తెలియదని. నాకు వాన్ బేక్ మాటే సబబుగా తోస్తుంది. అసలు నాకు బాధ కలిగించేది వేరు. బండ మీద మట్టి మోసి పంట తీసిన వాళ్ళ దగ్గరికి వచ్చి, మీకు ఈ తెలివి ఆకాశం నుంచి ఎవరిచ్చారు అని అడగడం. ఆ ఉల్లి మడుల ముందు నిలబడ్డవాడు ఆ ప్రశ్న అడగలేడు.

సాయంత్రం ఊరి చివర ఇసుకలో ఒక పెద్దాయన కూర్చుని వేలితో గళ్ళు గీస్తున్నాడు. ఒక గడి ఇంటికి, ఒకటి జబ్బుకి, ఒకటి ప్రయాణానికి. గళ్ళలో చిన్న పుల్లలు గుచ్చి, మట్టి కుప్పలు పెట్టి, అక్కడక్కడా వేరుశనగ గింజలు చల్లాడు. రాత్రి నక్క వస్తుంది, గింజలు తింటుంది, దాని అడుగులు ఏ గడిలో ఎలా పడ్డాయో తెల్లవారి చదువుతారు. డోగాన్ పురాణంలో ఈ నక్క యురుగు, సృష్టికర్తకు ఎదురు తిరిగి మాట పోగొట్టుకున్నవాడు. నోరు లేదు కాబట్టి పాదాలతో చెబుతాడు. ఒక యువకుడు ఐవరీ కోస్ట్‌కి కూలికి వెళ్ళాలా వద్దా అని అడగడానికి వచ్చాడు.

ఆదివారం, బనానీ దిగి ఇరేలి

పొద్దున్నే నక్క అడుగులు చూసి వెళదామన్నాను. పెద్దాయన అప్పటికే మోకాళ్ళ మీద వంగి చదువుతున్నాడు. యువకుడికి జవాబు మంచిగానే వచ్చినట్టుంది, కోడిని ఇచ్చి వెళ్ళాడు.

సంగా దాటాక బొంగో దగ్గర కొండను తొలిచినట్టున్న సహజ సొరంగంలోంచి నడిచాం. అవతలికి రాగానే కాళ్ళ కింద నేల అయిపోయింది. బందియాగరా కొండ గోడ ఇది. 150 కిలోమీటర్ల పొడవు, కొన్నిచోట్ల 500 మీటర్ల ఎత్తు. కింద సేనో మైదానం, ఇసుక దిబ్బలు, బూర్కినా ఫాసో వైపు పరుచుకున్న బూడిద రంగు. పైన పీఠభూమి, మధ్యలో ఈ గోడ, కింద మైదానం, వాటిలో 289 ఊళ్ళు కలిపి 1989లో యునెస్కో ప్రపంచ వారసత్వ ప్రదేశంగా గుర్తించింది.

బనానీకి దిగేది రాతి చీలికలోంచి. నేను గోడ పట్టుకుని, ఒక్కో అడుగూ చూసుకుంటూ దిగుతుంటే ఆడవాళ్ళు తలల మీద ఉల్లి బుట్టలతో ఎదురెక్కుతున్నారు. కొన్నిచోట్ల నిచ్చెన అంటే మెట్లు చెక్కిన ఒంటి చెట్టు మొద్దు, అంతే. వాళ్ళు దాని మీద కూడా చేయి ఆనించకుండా ఎక్కారు.

ఎదురుపడ్డ ప్రతి మనిషితోనూ పలకరింపు ఉంటుంది, దాన్ని తొందరపెట్టడానికి లేదు. మా మార్గదర్శిని చూడగానే ఒకామె, బుట్టతో సహా ఆగి మొదలుపెట్టింది. నువ్వు బాగున్నావా? సేవో. ఇంట్లో వాళ్ళు? సేవో. పిల్లలు? సేవో. నాన్న? సేవో. అదయ్యాక ఈయన అవే ప్రశ్నలు ఆమెను అడిగాడు. ఆమె సేవో, సేవో అంటూ ఎక్కిపోతోంది, ఈయన దిగిపోతూ అడుగుతూనే ఉన్నాడు. ఒకరికొకరు కనబడనంత దూరం పోయాక కూడా రాళ్ళ మీదుగా చివరి సేవో వినబడింది. ఇరవైకి పైగా డోగాన్ భాషలున్నాయి, ఒక లోయ వాళ్ళ మాట ఇంకో లోయ వాళ్ళకు తెలియకపోవచ్చు. పలకరింపుకు మాత్రం ఎక్కడా లోటు లేదు.

ఇరేలి ఆ గోడకు అంటుకుని ఉంది. కింద మట్టి ఇళ్ళు, వాటి మధ్య గడ్డి టోపీలు పెట్టిన గాదెలు, వాటికి పైన నిట్రగా రాయి, రాతిలో గుహలు, గుహల్లో మరీ చిన్న చిన్న మట్టి గదులు. పైన ఉన్నవి తెల్లెం అనే వాళ్ళవి. సుమారు 11వ శతాబ్దం నుంచి డోగాన్లు వచ్చేదాకా ఇక్కడ బతికి, గుహల్లో ధాన్యం దాచుకుని, చనిపోయినవాళ్ళను కూడా అక్కడే ఉంచారు. ఆ ఎత్తుకు ఎలా ఎక్కేవారని అడిగితే పిల్లలు "ఎగిరేవాళ్ళు" అని ఠక్కున చెప్పారు. డోగాన్లు 15వ శతాబ్దం ప్రాంతంలో పడమటి మాండే నేల నుంచి వచ్చారని చెప్పుకుంటారు. గుర్రాల మీద వచ్చి మనుషుల్ని బానిసలుగా పట్టుకుపోయే రాజ్యాల నుంచి ఈ గోడే వాళ్ళను కాచింది. ఇప్పటికీ ఊరివాళ్ళు చనిపోతే దుప్పట్లో చుట్టి, బావోబాబ్ నార తాళ్ళతో ఆ గుహల్లోకే లాగుతారు. బతికినవాళ్ళు కింద, పోయినవాళ్ళు వాళ్ళ తలల మీద.

బావోబాబ్ లేకుండా ఇక్కడ బతుకు లేదు. గోల్కొండ నయా ఖిలాలో ఉన్న ఏనుగుల చెట్టు ఈ జాతిదే. అక్కడ అది చూడ్డానికి వెళ్ళే వింత, ఇక్కడ ఊరంతా దాన్నే నమ్ముకుంది. ఆకు ఎండబెట్టి పొడి చేసి జిగురు పులుసు కాస్తారు, కాయలో పుల్లటి గుజ్జు తింటారు, బెరడు ఒలిచి తాళ్ళు పేనుతారు. ఒలిచిన చోట చెట్టు మళ్ళీ బెరడు కడుతుంది. ఇరేలిలో ప్రతి మాను మీదా మనిషి ఎత్తు వరకు తరతరాల మచ్చలే.

గాదెల్లో తేడా మా మార్గదర్శి చూపిస్తే తప్ప పట్టుకోలేకపోయాను. మగవాడి గాదెలో సజ్జ, జొన్న, ఇంటికంతటికీ తిండి. ఆడవాళ్ళ గాదె చిన్నది, లోపల నాలుగు అరలు. అందులో ఆమె సొంత వేరుశనగ, బట్టలు, నగలు, డబ్బు. దాన్ని భర్త తెరవకూడదు. ఆడవాళ్ళ పని చూశాక ఆ నాలుగు అరలు నాకు చాలా చిన్నవిగా కనిపించాయి. తెల్లవారకముందే రోకలి పోట్లతో ఊరు లేస్తుంది. నీళ్ళు, కట్టెలు, దంపుడు, ఉల్లి, వంట అన్నీ వాళ్ళవే. ఊరి అంచున గుండ్రటి మట్టి గుడిసె ఒకటుంది, నెలసరి రోజుల్లో ఆడవాళ్ళు అక్కడ ఉండాలి. అందరికీ కనబడేలా కట్టిన ఇల్లు. ఎవరు లోపలున్నారో ఊరంతటికీ తెలుస్తుంది.

మధ్యాహ్నం ఎండకు మమ్మల్ని తొగునాలోకి పిలిచారు. మగవాళ్ళు కూర్చుని ఊరి సంగతులు తేల్చుకునే చోటు. చుట్టూ గోడలు లేవు. ఎనిమిది స్తంభాలు, ఎనిమిది మంది తొలి పూర్వీకులకు గుర్తు. వాటి మీద సజ్జ చొప్ప అడ్డంగా నిలువుగా పొరలు పొరలుగా మనిషి నడుము మందాన. ఎంత ఎండైనా కింద చల్లగానే ఉంటుంది. పైకప్పు ఎంత కిందికి ఉందంటే నేను దాదాపు పాకుతూ దూరాను. ఒక తాత పక్కన చోటు చూపించాడు. కోలా గింజ ఇస్తే రెండుగా విరిచి సగం నాకే తిరిగి ఇచ్చాడు. వెనకాల ఇద్దరి మధ్య మాట పెరిగింది, మేక ఒకటి ఎవరి మడిలోనో పడి మేసిందట. ఒకాయన ఆవేశంగా లేవబోయి కప్పు తగిలి మళ్ళీ కూలబడ్డాడు. ఎవరూ నవ్వలేదు. తాత గొంతు పెంచకుండానే రెండు ముక్కలు చెప్పాడు, తగువు అక్కడితో సరి. ఈ కప్పు ఇంత కిందికి కట్టింది ఇందుకే. నిలబడనివ్వదు కాబట్టి కొట్టుకోనివ్వదు. ఊరి శాంతి కోసం తీర్పులూ శిక్షలూ రాసుకునే ముందు ఒక ఎత్తు కొలుచుకున్న వాళ్ళను నేను ఇంకెక్కడా చూడలేదు.

రాత్రి డాబా మీద పడక. సజ్జ సంకటి, బావోబాబ్ ఆకు పులుసు, అందరం ఒకే గిన్నెలో.

సోమవారం, అమానీ, తిరేలి

కొండ అడుగునే నడక, కుడి పక్క గోడ, ఎడమ పక్క ఇసుక. పొలాల్లో పెద్ద పెద్ద తెల్ల తుమ్మల్లాంటి చెట్లు. వానాకాలంలో ఆకు రాల్చి, ఎండాకాలంలో చిగురిస్తాయి. అందుకే పంటకు నీడ పట్టదు, వేసవిలో పశువులకు మేత ఉంటుంది. రైతు వాటిని ఎన్నడూ కొట్టడు.

అమానీలో మొసళ్ళ మడుగుంది. అవి పవిత్రం, ఎవరూ చంపరు. ఆ ఒడ్డునే ఒకాయన కలిశాడు. 1970లో ఈ ఊళ్ళో జరిగిన సిగుయిలో ఆరేడేళ్ళ పిల్లాడిగా నడిచాడట. సిగుయి డోగాన్లకు అన్నిటికన్నా పెద్ద పండగ, అరవై ఏళ్ళకోసారి వస్తుంది. మనుషుల్లో తొలిసారి చావు ఎలా వచ్చిందో గుర్తు చేసుకుని, ఆ పూర్వీకుడి కోసం పెద్ద మాస్కు చెక్కే సందర్భం. 1967లో యూగోలో మొదలై, 1968లో త్యోగూ, 1969లో బొంగో, 1970లో అమానీ, 1971లో ఇద్యేలి, అలా ఏటా ఒకచోటు నుంచి ఇంకోచోటుకి పాములా కదిలి 1973 దాకా నడిచింది. ఫ్రెంచి దర్శకుడు జాన్ రూష్ దీన్ని చిత్రీకరించాడు.

మనకు ప్రభవ నుంచి అక్షయ దాకా సంవత్సరాలు తిరిగొచ్చేది కూడా అరవై ఏళ్ళకే. లెక్క చూస్తే 1967 ప్లవంగ. మళ్ళీ ప్లవంగ వచ్చేది 2027లో, సిగుయి కూడా అప్పుడే. ఈ సంగతి చెబితే ఆయన కళ్ళు విప్పార్చి, మీ దగ్గర కూడా మాస్కు చెక్కుతారా అని అడిగాడు. అరవై నిండిన మనిషికి మళ్ళీ పెళ్ళి చేస్తామని చెప్పాను. చాలా బాగుందన్నాడు.

"మగవాళ్ళంతా వయసు వరసలో ఒకరి వెనక ఒకరు నడుస్తారు. అప్పుడు నేను తోకలో ఉన్నాను. నా వెనక చంకలో పిల్లలే. ఈసారి ఉంటే తల దగ్గర ఉంటాను" అన్నాడు.

తిరేలిలో డబ్బు కట్టి మాస్కుల నాట్యం చూశాను. అసలైనది దామా. చనిపోయినవాళ్ళ ఆత్మలను ఊరు దాటించి పూర్వీకుల్లో కలపడానికి, దుఃఖకాలం ముగించడానికి ఆడేది. అప్పుడు ఆడవాళ్ళు దూరంగా ఉండాలి. మాకు చూపించింది యాత్రికుల కోసం కుదించింది. అయినా ఆ ఆడేవాళ్ళు మాస్కుల సంఘం అవాలో నేర్చుకున్న వాళ్ళే, ఒంటి మీద ఎర్ర, నల్ల నార దుస్తులు అసలువే, పక్కన ముసలివాళ్ళు తప్పటడుగు పడితే గట్టిగా అదిలించడమూ అసలుదే. డబ్బు కోసం ఆడినంత మాత్రాన అది అబద్ధమైపోతుందని నాకనిపించలేదు.

కనాగా మాస్కులు ముందు వచ్చాయి, రెండు అడ్డకర్రల శిలువలా ఉండేవి. ఆడేవాడు నడుం దగ్గర్నుంచి తిరిగి, తల మీది కర్ర కొసను నేలకు తాకించి, దుమ్ము లేపి, అదే ఊపులో పైకి లేస్తాడు. మెడ నరాలు తాళ్ళలా బిగుసుకున్నాయి. తర్వాత కొయ్యకాళ్ళ మీద తింగెతంగే, కొంగ నడక. ఆ వెనక సిరిగే, ఒకే మాను నుంచి చెక్కిన నాలుగైదు మీటర్ల పలక, కుటుంబ పెద్ద ఇంటి అంతస్తులకు గుర్తు. దాన్ని తల మీద మోసేవాడు పళ్ళతో లోపలి కర్రను కరిచి పట్టుకుంటాడు. వంగి కొసను ముందు తూర్పున, తర్వాత పడమట నేలకు ఆనించినప్పుడు డప్పులు ఒక్క క్షణం ఆగాయి. చివరిది సతింబే, నెత్తిన ఆడబొమ్మ ఉన్న మాస్కు. మాస్కులను మొదట కనిపెట్టింది ఒక స్త్రీ అనీ, మగవాళ్ళు ఆమె దగ్గర్నుంచి లాక్కున్నారనీ వాళ్ళే కథ చెబుతారు. ఆ కథ మరిచిపోకుండా చెక్కి తల మీద పెట్టుకున్నారు.

ఆ రాత్రి సజ్జల బీరు, కొంజో, సొరబుర్రలో చేతులు మారుతూ వచ్చింది. కాచేది, అమ్మేది ఆడవాళ్ళు. సంత అయిదు రోజులకోసారి, ఎందుకంటే వీళ్ళ వారానికి అయిదే రోజులు. సంత రోజుకి కొంజో సిద్ధం కావాలి.

మంగళవారం, నొంబొరి నుంచి బెన్యిమాతో

ఎక్కువగా నడకే. నొంబొరి దగ్గర మళ్ళీ కొండెక్కి పీఠభూమి మీదికి వచ్చాం. బెన్యిమాతోలో మూడు పేటలు, ముస్లింలది ఒకటి, క్రైస్తవులది ఒకటి, పూర్వాచారం పాటించేవాళ్ళది ఒకటి. చావు జరిగితే మూడు పేటలూ కదులుతాయని మా మార్గదర్శి చెప్పాడు. ఆయన స్వయానా ముస్లిం. నక్క అడుగుల్ని నమ్ముతారా అంటే, "నక్కకు ఏం తెలుసో దానికి తెలుసు" అన్నాడు.

బుధవారం, ఎందే, తేలి

ఎందే అంతా నీలిమందు రంగు. ఆడవాళ్ళ చేతులు మోచేతుల దాకా నీలం. పైన కొండ మలుపులో హొగోన్ ఇల్లు. ఊరి పెద్దల్లో పెద్ద, నేలకూ పంటకూ పూజారి. హొగోన్ అయ్యాక ఒంటరిగా ఉండాలి, ఎవరూ ముట్టుకోకూడదు. రాత్రి లేబే అనే పవిత్ర సర్పం వచ్చి అతని ఒళ్ళు నాకి బలమిస్తుందని నమ్మకం. కోలా గింజలు చేతికివ్వకుండా నేల మీద పెట్టాను. ఎర్ర టోపీ పెట్టుకున్న ఆ పెద్దాయన నా ఊరు, నా తల్లిదండ్రుల క్షేమం, మా వైపు వానలు ఎలా ఉన్నాయి అన్నీ అడిగాడు. వానల గురించే ఎక్కువసేపు అడిగాడు.

తేలి చేరేసరికి పొద్దు వాలుతోంది. పాత ఊరు రాతి చూరు కింద ఖాళీగా ఉంది, జనం నీళ్ళ కోసం కిందికి దిగి కొత్త ఊరు కట్టుకున్నారు. పాత గాదెలకు తలుపుల్లేవు. కమ్మరులు చెక్కిన బొమ్మల తలుపులు, తాళాలు దళారుల ద్వారా యూరప్, అమెరికా ఇళ్ళకూ మ్యూజియాలకూ పోయాయి. తెల్లెం గుహల్లోంచి బట్టలు, బొమ్మలు అంతగా తరలిపోయాయి కాబట్టే 1993లో అమెరికా వాటి దిగుమతిని నిషేధించింది. కరువు సంవత్సరం తిండి గింజల కోసం తాత చెక్కిన తలుపు అమ్ముకున్నవాణ్ణి నేను తప్పు పట్టను. కొన్నవాణ్ణి పడతాను.

మర్నాడు కాని కొంబొలే మీదుగా రోడ్డెక్కి వెనక్కి వచ్చేశాను.

ఆ దారిలో ఇప్పుడు ఎవరూ నడవడం లేదు. 2012లో ఉత్తర మాలీలో మొదలైన యుద్ధం ఈ కొండల దాకా వచ్చింది. జిహాదీ దళాలు, వాటికి ఎదురుగా డోగాన్ల సాయుధ దళం, మధ్యలో తరతరాలుగా పక్కపక్కన బతికిన డోగాన్ రైతులు, ఫులానీ పశుకాపరులు. 2019 మార్చి 23న ఒగొస్సాగూలో 150 మందికి పైగా ఫులానీలను చంపారు. అదే జూన్‌లో సొబానే దాలో 35 మంది డోగాన్లను చంపారు, వాళ్ళలో ఎక్కువమంది పిల్లలు. ఊళ్ళు తగలబడ్డాయి, తొగునాలు, గాదెలు కాలిపోయాయి. మైదానంలో జనం బందియాగరాకి, సెవారేకి, బమాకోకి తరలిపోయారు. బమాకోలో డోగాన్లు జరుపుకునే ఒగోబాన్యా ఉత్సవంలో మాస్కులు ఆడుతున్నాయి, చూసేవాళ్ళలో ఆ మాస్కు పుట్టిన ఊరికి వెళ్ళలేనివాళ్ళూ ఉన్నారు.

2027లో సిగుయి యూగోలో మొదలవ్వాలి. యూగో సంగాకి ఈశాన్యాన, మైదానంలో విడిగా నిలబడ్డ కొండ మీద ఉంది. అక్కణ్ణుంచి అది ఊరూరా నడవాలంటే దారులు తెరుచుకోవాలి. క్రితం వరస ప్రకారమే నడిస్తే అమానీ వంతు 2030లో. ఆ మడుగు ఒడ్డు మనిషికి అప్పటికి అరవై అయిదు దాటతాయి.